ఉత్తరువు ఊరు చేరిన విధము

మా బాల్యమున నల్లగొండ జిల్లాలోని మా పల్లెలో, సాయంకాలము అరుగులపై కూర్చుండు వృద్ధుల ముచ్చటలలో "దౌరా" అను మాట తరచుగా వినవచ్చుచుండెడిది. తాలూకా కచేరినుండి గిర్దావరో, తహసీలుదారో, పోలీసు అమీనో ఊరికి వచ్చుటను నిజాము కాలమున దౌరా యనెడివారు. అధికారి రేపు వచ్చుననగా నేడే ఊరిలో అలజడి బయలుదేరెడిది. సేతుసింధి వీధివీధి తిరిగి కేక వేయును. చాకలివారు చావడి ఊడ్చి, నీరు చల్లి, ప్రొద్దుటికి నీళ్ళు కాచియుంచవలెను. కుమ్మరులు క్రొత్త కుండలు తేవలెను. మాదిగలు కట్టెలు, గడ్డిమోపులు మోయవలెను. గొల్లలు పాలు, పెరుగు, పిలిచి అడిగినచో ఒక మేకపోతును ఇచ్చుకొనవలెను. మంగలివారు కాళ్ళు పిసుకవలెను. కోమటి దుకాణమునుండి బియ్యము, పప్పు, నేయి "రసదు" పేర చావడికి నడచును. వాని వెల ఎన్నడు వచ్చునో కోమటికి తెలియదు, అడుగుటకు ధైర్యము చాలదు. అధికారి కదలిననాడు ఆయన సామానును తలల కెత్తుకొని అవతలి ఊరి పొలిమేరవరకు మోసి, ఆ యూరి బేగారులకు అప్పగించి, ఆకలితో ఇంటికి తిరిగి రావలెను. ఇంత చాకిరికిని దమ్మిడీ ముట్టెడిది కాదు.

ఈ ముచ్చటలు చెప్పిన వృద్ధులలో ఒక్కరును ఎరుగని సంగతి యొకటి మేము పెద్దవారమై నాలుగు పుస్తకములు తిరుగవేసిన పిమ్మట మాకు తెలిసినది. దౌరాలో మోతకు కూలి ఇయ్యవలెననియు, తెప్పించుకొన్న సామానునకు వెల చెల్లింపవలెననియు నిజాము సర్కారే ఉత్తరువులు చేసియుండెను! ఆ యుత్తరువులు ఉర్దూలో నుండెను. కచేరి దస్తరములలో నుండెను. వానిని అమలు జరుపవలసినవారు ఆ మేకపోతును ఆరగించినవారే. ఉర్దూ రాని, ఏ లిపియు రాని చాకలికిని కుమ్మరికిని ఆ సంగతి చెప్పవలసిన అగత్యము ఎవరికి కలదు?

శ్రోతలారా, బానిసత్వమును గూర్చిన చరిత్రలలో సాధారణముగా చట్టము పుట్టిన తేదీని గొప్పగా చెప్పుదురు. మా దక్షిణ తెలంగాణపు మెట్టనేలల చరిత్ర వేరొక పాఠము చెప్పుచున్నది. ఇక్కడ చట్టము పలుమారులు పుట్టినది; పుట్టిన చోటనే పలుమారులు నిద్రించినది. ఎవరో ఒక సామాన్యుడు ఆ మాటను తనకు తెలిసిన తెలుగులోనికి దించి, ఎవరికి చెందునో వారి చెవిని వేసిననాడే అది మేలుకొన్నది. ఆ మాటను మోసినవారిని గూర్చి మేము ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

వెట్టి యనునది క్రొత్త మాట కాదు. సంస్కృతమున దీనిని విష్టి యందురు; కౌటిలీయ అర్థశాస్త్రమునందును కలదు. కాని దేశముఖుల గడీలలో అది పొందిన రూపము వేరు. అధికారి దౌరా ఏడాదికి కొన్ని దినములు; గడీ పని ఏడాది పొడుగున. గడీలో పెండ్లి యైనను చావైనను ఊరిలోని ప్రతి వృత్తివారికిని తమ వంతు పని సిద్ధముగా నుండెడిది. తమ చేను ఎండుచున్నను దొర చేనికి ముందుగా నీరు పెట్టవలెను. చెప్పులు కుట్టువారు చెప్పులు, నేతవారు బట్టలు, గీతవారు కల్లు ఉచితముగా సమర్పించుకొనవలెను. కొన్ని గడీలలో "ఆడబాపలు" అను దాసీలుండిరి. దొరవారి కూతురును అత్తవారింటికి పంపునప్పుడు సారెతోపాటు ఈ యాడపిల్లలను పంపెడివారు. మనుష్యులను సామానుతో కలిపి లెక్కించుటకు ఇంతకు మించిన ఉదాహరణము అక్కరలేదు.

దీనికి తోడు జీతగాండ్ర సంగతి వేరుగా నుండెను. సర్కారు కాగితములలో వీరిని "భగేలా" లనిరి. కూతురు పెండ్లికో, కరువునాటి తిండిగింజలకో, తండ్రి దినములకో కొద్దిపాటి అప్పు తీసికొన్నవాడు అది తీరువరకు దొర యింట జీతముండవలెను. తీసికొన్న గింజలకు నాగు పెరుగుచుండును. అతని జీతమో కుంచెడు జొన్నలు. ఒకనాడు పనికి రాకున్నచో ఆ దినము కూడ అప్పులోనే చేరును. లెక్క వ్రాయువాడు అప్పిచ్చినవాడే. తండ్రి మంచమెక్కిన కొడుకు చెర్నకోల పట్టును. మనుమడు పసులు కాయును. అప్పు మాత్రము ముసలితనము లేని ప్రాణివలె బ్రతికియుండును.

ఈ జీతగాండ్ర విషయమై 1936లో హైదరాబాదు సర్కారు ఒక నిబంధన చేసినది. భగేలా కొలువునకు గడువు పెట్టినది; తరతరములుగా సాగరాదనినది. కాగితముపై చక్కని నిబంధనయే. కాని పల్లెలో జీతగాని వైపు నిలిచి ఆ నిబంధనను చదివి వినిపించువారు లేకుండిరి. పటేలు పట్వారీలు దొరకు బంధువులో, బాకీదారులో. ఈ నిబంధన ఏ యిల్లు చేరెనో మేము వెదకితిమి గాని మా ప్రాంతపు వృద్ధులలో దానిని విన్నవారు మాకు తారసపడలేదు.

ఇక మాటను మోసినవారి సంగతికి వత్తము. 1921 నవంబరులో హైదరాబాదు నగరమున వివేకవర్ధని నాటకశాలలో నిజాము రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగెను. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారను వకీలు తెలుగున మాటలాడ మొదలుపెట్టగా సభికులు కొందరు గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ యవమానమునుండి ఆంధ్ర జనసంఘము పుట్టినదని అందరెరిగినదే. భాషాభిమానపు కథగా దీనిని మనము చెప్పుకొనుచుందుము. కాని ఆ సంఘము చేసిన పనులలో మాకు మిక్కిలి విలువైనదిగా తోచునది వేరొకటి. మాడపాటి హనుమంతరావుగారు కార్యదర్శిగా నుండగా ఆ సంఘమువారు వెట్టిచాకిరిని గూర్చిన సర్కారు ఉత్తరువులను తెలుగు చేసి చిన్న పుస్తకముగా అచ్చువేయించి పంచిపెట్టిరి. అందు విప్లవ మేమియు లేదు. సర్కారు మాటనే సర్కారు ప్రజలకు చెప్పిరి, అంతే. అంతకే ఎందరికో కోపము వచ్చినది.

పుస్తకము అచ్చయినంత మాత్రమున చదువురాని వానికి చేరునా? చేరుటకు ఒక త్రోవ యుండెను. నల్లగొండలో 1918లో ఆంధ్ర సరస్వతీ గ్రంథాలయము వెలసినది; సూర్యాపేటలో అదే యేడు ఆంధ్ర విజ్ఞాన ప్రకాశినీ నిలయము వెలసినది. పిమ్మట చిన్న ఊళ్ళలో కూడ ఒక గది, ఒక చాప, రెండు పత్రికలు గల పఠనమందిరములు లేచినవి. షబ్నవీసు వెంకటరామ నరసింహారావుగారు 1922లో నల్లగొండనుండి నీలగిరి పత్రికను వెలువరించిరి. మహబూబునగరు జిల్లావారైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926 మే 10న హైదరాబాదునుండి గోలకొండ పత్రికను ప్రారంభించిరి. పఠనమందిరమున చదువు వచ్చినవాడొకడు పత్రిక పట్టుకొని బిగ్గరగా చదువును, పదిమంది విందురు. విన్నవారిలో ఒకడు బావికడ చెప్పును. ఈనాడు మనము ప్రచారమని పిలుచు దానిలో ఆనాడు ఉన్నదంతయు ఒక గొంతుక, ఒక కాగితము.

ఇది సులభమైన పని యని శ్రోతలు తలపరాదు. సభ జరుపుటకు ముందుగా అనుమతి కావలెననెడి గస్తీ నిషాను 53 అను ఆజ్ఞ యుండెను. అనుమతి లేక బడి పెట్టుటకు వీలులేదు. గ్రంథాలయమనినను అధికారులు అనుమానముతో చూచెడివారు. పత్రిక చందాదారు ఎవరో టపా చప్రాసిద్వారా ఊరి పెద్దకు తెలిసిపోవును. అందుచేత, ఇరువదేండ్ల యువకుడొకడు తన పేర పత్రిక తెప్పించుకొని, చావడి ప్రక్క చెట్టు క్రింద కూర్చుండి పైకి చదువుట యనునది, ఇప్పుడు మనకు తోచునంత చిన్న పని కాదు.

నిజాము రాష్ట్ర ఆంధ్ర మహాసభ 1930 మార్చిలో జోగిపేటలో ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను తొలిసారి కూడెను. 1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారును, 1936లో షాద్‌నగరులో కొండా వెంకటరంగారెడ్డిగారును అధ్యక్షత వహించిరి. దేవరకొండ నల్లగొండ జిల్లాది, షాద్‌నగరు అప్పటి మహబూబునగరు జిల్లాది. మహాసభ వెట్టిని ఖండించుచు తీర్మానములు చేయుచు వచ్చినది. ఆ తీర్మానముల భాష మిక్కిలి మర్యాద గలది. ఇచ్చట ఒక మాట దాపరికము లేక చెప్పవలసియున్నది. తొలినాళ్ళలో మహాసభ పెద్దలు అధికారులు చేయించు వెట్టిని గూర్చి మాటలాడినంత ధాటిగా దేశముఖులు చేయించు వెట్టిని గూర్చి మాటలాడలేదు; జీతగాని సంగతి మరియు తక్కువ. సభకు వచ్చినవారిలో వకీళ్ళు, భూస్వాములు, వర్తకులు హెచ్చు. ఎదుటివాని గడపలోని చెత్త కనబడినంత స్పష్టముగా మన గడపలోనిది కనబడదు గదా. ఆ లోపమును ఎత్తిచూపినంత మాత్రమున వారు చేసిన పని తగ్గిపోదు.

హైదరాబాదులో ఈ పనినే వేరొక దారిని చేసినవారు భాగ్యరెడ్డివర్మగారు. 1906లో ఆయన జగన్మిత్ర మండలిని స్థాపించి హరికథల ద్వారమున మాలమాదిగ వాడలకు విద్యను, ఆత్మగౌరవమును గూర్చిన మాటలు చేరవేసిరి. ఆడపిల్లలను దేవతలకు వదలు జోగిని ఆచారమును ఎదిరించిన మొదటివారిలో ఆయన ఒకరు. మహబూబునగరు పల్లెలలో ఆ యాచారము లోతుగా పాతుకొనియుండెను. దానిని నిషేధించుచు ఆంధ్రప్రదేశములో చట్టము వచ్చుటకు 1988 వరకు ఆగవలసి వచ్చినది. హరికథకునికి అనుమతి చీటీ అక్కరలేదు, చదువరి అక్కరలేదు. ఆ యుపాయములోని తెలివిని మనము గమనింపవలెను.

ఇక మా జిల్లాకే చెందిన వట్టికోట ఆళ్వారుస్వామిగారి కథ చెప్పక మానజాలము. ఆయన 1915లో నకిరేకల్లు ప్రాంతపు చెరువు మాధవరమున నిరుపేద యింట పుట్టిరి. పరుల యిండ్లలో వంటలు చేసి, భోజనశాలలో వడ్డించి, ఆ సందులలోనే చదువు నేర్చుకొనిరి. పిమ్మట గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దిరి. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను ఆరంభించి పుస్తకములు అచ్చువేసి, ఆ మూటను తామే మోసికొని ఊరూర తిరిగి అమ్మిరి. ధనికుడు కాదు, పట్టభద్రుడు కాదు, పదవి లేదు. ఇతరుల యింట చాకిరి చేసిన చేతులతోనే చాకిరిని గూర్చిన పుస్తకములను జనుల చేతులలో పెట్టిరి. కారాగారమునకును పోయివచ్చిరి. 1955లో వెలువడిన వారి "ప్రజల మనిషి" నవలలో ఆనాటి వెట్టి బ్రతుకు కన్నులకు కట్టినట్లు కనబడును. 1961లో ఆయన కాలధర్మము చెందిరి.

1940 తరువాతి సంగతులు శ్రోతలకు తెలిసినవే గనుక క్లుప్తముగా చెప్పెదము. 1941లో చిలుకూరులోను, 1944లో భువనగిరిలోను రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతను జరిగిన మహాసభలతో ఆ సంస్థ పల్లె జనుల నోట "సంగం" అయినది. భువనగిరి సభలో చీలిక వచ్చినది. ఆ వివాదములోనికి మేము ఇచ్చట దిగము. అప్పుడు నల్లగొండ జిల్లాలో నుండిన జనగామ తాలూకాలో పాలకుర్తి చాకలి ఐలమ్మ తన పంటను విసునూరు దేశముఖు మనుష్యులు కోసికొని పోకుండ నిలిచినది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలియైనాడు. పిమ్మట నడచిన పోరాటము, 1948 సెప్టెంబరు పోలీసు చర్య, 1949లో జాగీర్ల రద్దు, ఇవన్నియు వేరొక ప్రసంగమునకు చాలినంత విషయము.

ఆ కాలపు పాటలను గూర్చి మాత్రము ఒక్క మాట. నాటి నల్లగొండ జిల్లా సుద్దాల గ్రామపు హనుమంతుగారు పసులు కాయు జీతపు పిల్లవానిని గూర్చి ఒక పాట కట్టిరి. ఆ పాటలో ఉపన్యాసము లేదు. చిరిగిన గుడ్డతో, ముల్లు గ్రుచ్చుకొన్న కాలితో నిలిచిన పిల్లవానిని పలుకరించుటయే పాట యంతయు. అది "మా భూమి" చలనచిత్రము ద్వారా కోస్తా జిల్లాలకును చేరినది. ప్రతి యూరిలోను ప్రతి యింటి ముందును ఆ పిల్లవాడు నిత్యము నడచిపోవుచుండెను, ఎవరికిని కనబడలేదు. పాట విన్న తరువాత కనబడసాగెను.

మాకును కనబడలేదని ఒప్పుకొనుటకు ఇదే తగిన తావు.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగపు 23వ అధికరణము మనుష్యుల క్రయవిక్రయములను, వెట్టిని, అటువంటి నిర్బంధపు చాకిరి నంతటిని నిషేధించినది. అయినను 1970 ప్రాంతమున మా యింటనే ఒక జీతగాడుండెను. మా యీడువాడు. వాని తండ్రి బిడ్డ పెండ్లికి మా పెదనాయనగారివద్ద మూడువందల రూపాయలు తీసికొనియుండెను. మేము బడికి పోవుచుండగా వాడు మా బర్లను తోలుకొని పోయెడివాడు. రాత్రివేళ పసుల కొట్టములోనే పండుకొనెడివాడు. మా యింటివారు వానిని కొట్టలేదు, తిట్టలేదు. పండుగకు క్రొత్త బట్టలు పెట్టిరి. కావున మాది ధర్మముగల యిల్లని మేము నమ్మియుంటిమి.

మా యింట ఒక రేడియో యుండెను. రాత్రి వార్తల వేళకు వాడు గవాక్షము క్రింద అరుగుపై కూర్చుండి వినెడివాడు. 1975 జూలై మొదటి తేదీన ప్రధానమంత్రి ప్రకటించిన ఇరువది అంశముల కార్యక్రమములో అప్పు క్రింది వెట్టి రద్దు ఒకటి. అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చినది. ఆ దినములలో ఒక రాత్రి వార్తలు ముగిసిన పిమ్మట వాడు మమ్ము అడిగెను: "చిన్నపటేలా, అప్పు కింద జీతముండుడు బందయ్యిందని రేడియోల జెప్పిండ్రు గదా. గది మాసొంటోళ్ళకేనా?"

మేము పదవ తరగతి చదువుచుంటిమి. ప్రశ్న అర్థమైనది, జవాబును తెలిసినది. "ఏమో, నాకు తెల్వదు" అని లోపలికి పోయితిమి.

జవాబు చెప్పినవారు మరియొకరు. మా ప్రాంతమున జీతము ఉగాదినుండి ఉగాదికి లెక్క. 1976 ఉగాదికి ముందు మా ఊరి బడిపంతులు ఆ పిల్లవాని తండ్రిని వెంటబెట్టుకొని మా గడపకు వచ్చెను. కేసు పెట్టుదునని అనలేదు, గొంతు పెంచలేదు. "పటేలా, కోపం చేయకుండ్రి. పద్దు ఒక్కసారి పైకి చదువుండ్రి, ఈయన ఇంటడు" అని మాత్రము అనెను. పెదనాయనగారు పుస్తకము తెప్పించి చదివిరి. ఆరేండ్ల జీతము పిమ్మట మూడువందల అప్పు నాలుగువందల పది రూపాయలుగా నిలిచియుండెను. చదువుచున్న గొంతుక అంకె వద్దకు వచ్చుసరికి తగ్గినది. ఆ పుస్తకము అంతవరకు ఎవరి ముందును పైకి చదువబడలేదు. ఆ యుగాదికి వాడు మా కొట్టమునకు రాలేదు. కాలువ పనులకు కూలికి పోయెనని వింటిమి. పెదనాయనగారు పంతులుతో చాలకాలము మాటలాడలేదు.

1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టము చదివినవారికి ఆ పంతులు చేసినది చట్టసమ్మతమైన పనియని తెలియును. ఆ చట్టము ప్రకారము 1975 అక్టోబరు 25 నుండి వెట్టివారందరును విముక్తులు. వారి వెట్టి అప్పులు రద్దు. వెట్టి చేయించినవారికి మూడేండ్లవరకు ఖైదు, రెండువేల రూపాయలవరకు జుల్మానా. అది వెట్టి అప్పు కాదని ఎవరైన వాదించినచో నిరూపింపవలసిన భారము అప్పిచ్చినవానిదే గాని పనివానిది కాదు. జిల్లాలోను, డివిజనులోను నిఘా సంఘములుండవలెను; వానిలో షెడ్యూల్డు కులముల, తెగల వారును, సంఘసేవకులును సభ్యులుగా నుండవలెను. ఆంధ్రప్రదేశ ప్రభుత్వమున సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా నుండిన ఎస్. ఆర్. శంకరన్ గారు ఈ చట్టమును తామే వాడలకు మోసికొనిపోయిరి. జీతగాండ్రను కూడబెట్టి, "మీరు స్వతంత్రులు, మీకు అప్పు లేదు" అని చెప్పుట అంతటి యధికారి చేయదగిన పనియా యని ముక్కున వ్రేలు వేసికొన్నవారు అప్పుడు లేకపోలేదు.

జీతము తగ్గినచోట వేరొక పేరున వెట్టి తల యెత్తినది. మహబూబునగరు జిల్లాను జనులు పాలమూరని పిలుతురు. "పాలమూరు లేబరు" అను మాట భారతదేశమున ఆనకట్టలు కట్టిన ప్రతి చోటను వినబడినది. నాగార్జునసాగరమున, శ్రీశైలమున, రాష్ట్రము దాటియు వీరు మట్టి తవ్విరి, రాళ్ళు మోసిరి. గుంపుమేస్త్రి ఊరికి వచ్చి కుటుంబమునకు ముందుగా కొంత సొమ్ము ఇచ్చును. ఆ సొమ్ముతో తిండి, పెండ్లి, పాత బాకీ గడచును. పని స్థలమునకు చేరిన పిమ్మట లెక్క మేస్త్రిది. తన యూరు వందల మైళ్ళ దూరము, అక్కడి భాష తెలియదు, నడుమ వెళ్ళిపోవుటకు వీలులేదు. గడీ గోడలు లేకున్నను అది గడీయే. ఇట్టివారికై 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము వచ్చినది.

1981లో ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడపు పనులలో కూలీల దుఃస్థితిని గూర్చి పౌరసంఘమొకటి సుప్రీముకోర్టు న్యాయమూర్తికి ఉత్తరము వ్రాసినది. కోర్టు ఆ యుత్తరమునే దావాగా స్వీకరించి, కనీస వేతనమునకు తక్కువగా ఇచ్చి చేయించుకొను పనియు 23వ అధికరణము క్రింద నిర్బంధ చాకిరియే యని తీర్పు చెప్పినది. ఆకలిచేత ఒప్పుకొన్నది ఒప్పుకోలు కాదని దాని సారము. ఒక ఉత్తరము, దానికి ముందు ఎవరో కూలీలవద్ద కూర్చుండి "మీకు రోజుకు ఎంత ముట్టుచున్నది?" అని అడిగి వ్రాసికొన్న లెక్క, ఆ తీర్పునకు మొదలు అదే.

ఇంతకన్న చిన్న పనులును చరిత్రను కదలించినవి. 1791లో బ్రిటిషు పార్లమెంటు బానిసల వర్తకమును ఆపుటకు నిరాకరింపగా, ఇంగ్లండులో ఎన్నో కుటుంబములు బానిసలు పండించిన చక్కెరను వాడుట మానివేసినవి. వోటు లేని గృహిణులే అందు ముందు నిలిచిరి. అతిథికి తేనీరు పోయునప్పుడు చక్కెర లేకపోవుటకు కారణము చెప్పవలసి వచ్చును. ఆ చెప్పుటయే ప్రచారము. వర్తకము 1807లో నిషిద్ధమైనది. బానిసత్వ రద్దు చట్టము 1833లో వచ్చినది. అయినను 2021లో ప్రపంచమున నాలుగుకోట్ల తొంబదియారు లక్షలమంది నేటి కాలపు బానిసత్వమున నున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ తదితరులు అంచనా కట్టిరి. వారిలో రెండుకోట్ల డెబ్బదియారు లక్షలమంది నిర్బంధ చాకిరిలో నున్నవారు. మిగిలినవారు బలవంతపు వివాహములలో నున్నవారు.

మన యిండ్ల సంగతి చూతము. పదునాలుగేండ్లు నిండని పిల్లలను ఇంటిపనికి పెట్టుకొనుట 2006 అక్టోబరు 10 నుండి నేరము. 2016లో ఆ వయస్సువారిచేత మరి యే పనియైన చేయించుటయు, ఇంటివృత్తి వంటి కొద్ది మినహాయింపులు తప్ప, నిషిద్ధమైనది. ఎదురింట ఒక పిల్ల అంట్లు తోముచుండుట చూచి, ఆ పిల్ల పేరేమి, ఏ తరగతి యని ఆ యింటి యిల్లాలిని స్నేహముగా అడుగుటకు చట్టపు పుస్తకము అక్కరలేదు. రెండవసారి అడిగినచో సమాధానము సిద్ధము చేసికొందురు, మూడవసారికి ఆలోచింతురు. ఆలోచింపనిచో 1098 అను పిల్లల సహాయపు నంబరు కలదు. రంగారెడ్డి జిల్లాలో 1991 నుండి శాంతా సిన్హాగారు, ఆమె సహచరులు చేసిన పనియు ఇట్టిదే: పనికి పోవు ప్రతి పిల్లవాని యింటికిని పోయి, బడికి ఎందుకు పంపలేదని తల్లిదండ్రులను, పనికి ఎందుకు పెట్టుకొన్నావని యజమానిని విడువక అడుగుట, పిల్లలకు శిబిరములు పెట్టి బడికి సిద్ధపరచుట. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారము లభించినది. గద్వాల ప్రాంతపు విత్తనపు పత్తి చేలలో పూలు క్రాసింగు చేయు ఆడపిల్లలను గూర్చియు ఇట్టి ప్రశ్నలే లోకమునకు తెలియజేసినవి.

మా నల్లగొండ నేలకు ఇప్పుడు ఒక వింత దశ వచ్చియున్నది. ఒకప్పుడు కూలీలను పంపిన ప్రాంతము ఇప్పుడు కూలీలను రప్పించుకొనుచున్నది. హైదరాబాదు చుట్టుప్రక్కల, భువనగిరి వైపున ఇటుక బట్టీలకు ఒడిషా పడమటి జిల్లాలైన బలాంగీరు, నువాపడలనుండి కుటుంబములు వచ్చును. అక్కడ పంటల పండుగ వెళ్ళిన పిమ్మట సర్దారు ముందస్తు సొమ్ము పంచును. చలికాలమునుండి వానలవరకు బట్టీ పని. తండ్రి, తల్లి, ఒక బిడ్డ కలిసి ఒక జట్టు. వేయి ఇటుకలకు ఇంతయని లెక్క. ఆ లెక్క ఎవరి పుస్తకములో నున్నదో శ్రోతలు ఊహింపగలరు. వెట్టియని తేలినచో రెవెన్యూ అధికారి విడుదల పత్రము ఇయ్యవలెను. 2016 నాటి కేంద్ర పథకము ప్రకారము పునరావాసపు సాయము లక్ష మొదలు మూడు లక్షల రూపాయలవరకు కలదు.

మా మిత్రులొకరు ఆ ప్రాంతమున ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి గైకొనిరి. నడకకు పోవు త్రోవలో బట్టీ కలదు. ఒకనాడు ఆయన తెలుగున అచ్చయిన సర్కారు కాగితమొకటి ఆ కుటుంబములకు పంచి సంతోషముతో మాకు చెప్పిరి. మేము నవ్వి, ఉర్దూ దస్తరము సంగతి గుర్తుచేసితిమి. ఆయన మారుమాటాడలేదు. పదిదినముల పిమ్మట ఒడియా తెలిసిన ఆస్పత్రి నర్సునొకరిని పట్టి, చేతివ్రాతతో నాలుగు పంక్తులు వ్రాయించి తెచ్చిరి: ముందస్తు సొమ్ము తీరలేదని ఎవరును మిమ్ము నిలుపరాదు, మీ లెక్క మీరు అడిగి చూడవచ్చును, పిల్లలు బడికి పోవచ్చును, వెళ్ళిపోదలచినచో తహసీలుదారునో కలెక్టరునో అడుగవచ్చును.

ఆ బట్టీలో ఆ లిపి చదువగలిగినది పన్నెండేండ్ల బాలిక యొక్కతె. చేతికి బంకమట్టి అంటియుండగా కాగితమును దూరముగా పట్టుకొని, కూడబలుకుకొనుచు, తల్లికి రెండుమారులు పైకి చదివి వినిపించినదట.